లాడ్జి కౌంటర్లో సామాన్ల సంగతి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తిరుపతిలో నడపడానికి లాడ్జి తీసుకున్నావని మీ అమ్మ ఫోటోలు పంపింది. రిసెప్షన్ బాగుంది. కౌంటర్ వెనక బోర్డు కూడా చూశాను: "మీ వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు". అది ఉంది కదా అని ధీమాగా కూర్చోకు.

1998లో ఢిల్లీ తాజ్‌మహల్ హోటల్‌కి వచ్చిన ఒకాయన కారు తాళాలు పార్కింగ్ కుర్రాడికిచ్చి లోపలికెళ్లాడు. బల్ల మీదున్న ఆ తాళాన్ని ఇంకో కారులో వచ్చిన కుర్రాడొకడు తీసుకుని కారుతో ఉడాయించాడు. నష్టమైతే కారు ఓనరుదే రిస్క్ అని పార్కింగ్ చీటీ మీద అచ్చేసే ఉంది. అయినా 2019లో సుప్రీంకోర్టు హోటల్‌దే బాధ్యత అంది. వస్తువు నీ చేతికొచ్చాక పోతే, నీ నిర్లక్ష్యం లేదని నువ్వే చూపించుకోవాలి. సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటామో అంత జాగ్రత్త తీసుకోవాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది.

నీకు అసలు చిక్కు గది ఖాళీ చేసి, బ్యాగులు కౌంటర్లో పడేసి దర్శనానికి వెళ్లేవాళ్లతోనే. పొద్దున వెళ్లినవాళ్లు క్యూలో ఇరుక్కుని ఏ అర్ధరాత్రో వస్తారు. అప్పటికి డ్యూటీ మారి కొత్త కుర్రాడుంటాడు, "ఆ నల్ల బ్యాగ్ మాదే" అని ఎవరన్నా ఇచ్చేస్తాడు. అందుకని ప్రతి బ్యాగుకీ నంబరు టోకెన్ కట్టించు, సగం ముక్క వాళ్లకివ్వు, పుస్తకంలో ఫోన్ నంబరు రాయించు. టోకెన్ పోయిందంటే ఆధార్ చూసి, సంతకం పెట్టించుకునే ఇవ్వాలి. నగలు, డబ్బు ఉంటే మన దగ్గర పెట్టుకోలేమని ముందే మర్యాదగా చెప్పు. డ్యూటీ మారేటప్పుడు బ్యాగులు లెక్కపెట్టి అప్పగించుకోవాలి.

వాళ్లు గదిలో తాళం వేసుకుని ఉంచుకున్నది వేరే లెక్క. కానీ అన్ని గదులూ తెరిచే మాస్టర్ కీ ఎవరి దగ్గరుందో నీకు తెలియకపోతే అక్కడా ఇరుక్కుంటావు.

ఏదన్నా పోయిందని వస్తే బోర్డు చూపించి వాదించకు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, కెమెరా రికార్డు చెరిగిపోకముందే తీసి పెట్టు, పోలీసులకు ఫిర్యాదు ఇవ్వడానికి తోడు వెళ్లు. రెండేళ్ల లోపు వాళ్లు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, లాయర్ కూడా అక్కర్లేదు. అక్కడ నీకు పనికొచ్చేది ఆ పుస్తకం, ఆ సంతకాలే.

గదుల్లో మర్చిపోయిన చార్జర్లు, కళ్లజోళ్లు కూడా తేదీ రాసి దాచి ఫోన్ చేయించు. బ్రహ్మోత్సవాల రద్దీ మొదలవకముందే సామాన్ల గదికి కొత్త తాళం వేయించు. పాతదానికి ఎన్ని చెవులున్నాయో అమ్మినవాడికే తెలియాలి.

మీ మామయ్య