గారోష్ పతనానికి బాధ్యుడెవరు?

ప్రశ్న: ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆటలో ఓర్కులనే యోధ జాతి నాయకుడు గారోష్ హెల్‌స్క్రీమ్ తన చివరి ద్వంద్వయుద్ధంలో, తనను హోర్డ్ అనే జాతుల కూటమికి వార్‌చీఫ్‌గా (అధినేతగా) చేసింది తన ముందటి అధినేత థ్రాలేనని అతన్నే నిందిస్తాడు. ఆ నిందలో నిజమెంత? గారోష్ స్వతహాగా దుర్మార్గుడా, లేక పదవి అతన్ని చెడగొట్టిందా?

జవాబు: నిందలో సగం నిజముంది. 2010లో ఆటకు అనుబంధంగా వచ్చిన ‘కాటక్లిజం’ భాగం నాటికి ప్రకృతి శక్తులు అదుపు తప్పుతుంటే వాటిని శాంతింపజేయడానికి వెళ్తూ థ్రాల్ అతనికి హోర్డ్ పగ్గాలు అప్పగించాడు. యుద్ధం తప్ప మరో విద్య తెలియని యువకుడికి పలు జాతుల కూటమిని అప్పగించడం పొరపాటే. అయితే పీఠం ఎక్కించినవాడి తప్పు అక్కడితో ఆగుతుంది. ఆ తరువాత వేసిన ప్రతి అడుగూ గారోష్‌దే.

స్వతహాగా దుర్మార్గుడన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. 2007లో వచ్చిన ‘బర్నింగ్ క్రూసేడ్’ భాగంలో, నాగ్రాండ్ ప్రాంతంలోని గారడార్ అనే ఊళ్లో మనకు తొలిసారి కనిపించే గారోష్, తల ఎత్తలేనంత సిగ్గుతో కుంగిపోయినవాడు. రాక్షసుడైన మానోరోత్ రక్తాన్ని ఓర్కులలో అందరికంటే ముందు తాగి జాతిని బానిసత్వంలోకి దింపిన గ్రోమ్ అతని తండ్రి. ఆ గ్రోమే తరువాత మానోరోత్‌ను చంపి, ఆ పోరులోనే ప్రాణాలు విడిచాడని థ్రాల్ వచ్చి చూపించే వరకు కొడుక్కి తెలియదు. అది తెలిసిన క్షణంలో సిగ్గంతా గర్వంగా మారిపోయింది. నా దృష్టిలో అతని కథకు మూలం ఇక్కడే ఉంది: తండ్రి ద్రోహి అనుకున్నన్నాళ్లూ తానూ పనికిరానివాడినని నమ్మాడు, తండ్రి వీరుడని తెలియగానే తానూ వీరుడినేనని నమ్మాడు. తన విలువను తన పనులతో కొలుచుకోవడం అతనికి ఎన్నడూ అలవడలేదు.

అయినా మొదట్లో అతనికి ధర్మమంటే పట్టింపు ఉండేది. స్టోన్‌టాలన్ పర్వతాలలో క్రోమ్‌గార్ అనే సేనాని డ్రూయిడ్లు (ప్రకృతి ఆరాధకులు) నివసించే వనాన్ని బాంబుతో నాశనం చేసినప్పుడు, హోర్డ్ పరువు మంటగలిపాడని ఆగ్రహించిన గారోష్, అతన్ని అందరి ఎదుటా ఎత్తి కొండ అంచు నుంచి కిందికి వదిలేశాడు. అదే గారోష్ 2012 నాటి కథలో, శత్రు కూటమి అలయన్స్ సేనానులు ఆ కూటమి నగరమైన థెరామోర్‌లో గుమిగూడేదాకా కావాలనే దాడిని ఆపి, ఆపైన మనా (మంత్రశక్తి) బాంబుతో ఆ నగరాన్నే తుడిచిపెట్టాడు. ఈ రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ఈ మధ్యలో ఏం జరిగిందంటే, ఎదురు చెప్పే పెద్దలు ఒక్కొక్కరే దూరమయ్యారు. ద్వంద్వయుద్ధానికి సవాలు చేసిన వృద్ధ నాయకుడు కెయిర్న్ బ్లడ్‌హూఫ్ గారోష్ చేతిలో మరణించాడు. తాను పట్టిన, తండ్రి వాడిన గోర్‌హౌల్ గొడ్డలి అంచుకు కెయిర్న్ శత్రువు మాగథా విషం పూయించిందని గారోష్‌కు అప్పుడు తెలియదు, తెలిశాక మండిపడ్డాడు కూడా. కానీ ఆ గెలుపుతో నిలిచిన అధికారాన్ని వదులుకోలేదు. తరువాత, ఎదిరించిన ట్రోల్ జాతి నాయకుడు వోల్‌జిన్‌ను చంపడానికి మనుషులను పంపాడు. చివరికి పండారియా ఖండంలో ‘పాత దేవుళ్లు’ అనే దుష్టశక్తులలో ఒకడైన యషరాజ్ గుండెను తవ్వించి, దాని శక్తిని వాడుకున్నాడు. రాక్షసుల బలం తనకు అక్కర్లేదని గర్వించే కొడుకు, తండ్రి చేసిన తప్పునే మరో పాత్రలో పోసుకుని తాగాడన్నమాట. 2013 సెప్టెంబరులో వచ్చిన, హోర్డ్ రాజధాని ఓర్గ్రిమ్మార్ ముట్టడిలో వోల్‌జిన్ తిరుగుబాటుదారులూ అలయన్స్ సేనలూ కలిసి అతన్ని పీఠం నుంచి దించాయి.

విచారణ నుంచి తప్పించుకుని అతడు ఎక్కడికి వెళ్లాడో గమనించండి: మరో కాలరేఖలోని ఓర్కుల స్వస్థలం డ్రేనార్‌కు, తండ్రి ఆ రక్తం తాగకముందు రోజులకు. అక్కడ గ్రోమ్ ఆ రక్తం తాగకుండా ఆపి, ఐరన్ హోర్డ్ అనే ఓర్కుల సైన్యాన్ని నిలబెట్టాడు. 2014 నాటి ఈ కథలోనే నాగ్రాండ్‌లో, తన జీవితం మొదలైన గడ్డకు సరిజోడైన నేలపై, థ్రాల్ చేతిలో చనిపోయాడు. మీరు అడిగిన నింద అతని నోట వచ్చింది అప్పుడే.

ప్రశ్న: చనిపోయే ముందైనా, తరువాతైనా అతడు పశ్చాత్తాపపడ్డాడా?

జవాబు: లేదు. 2021లో వచ్చిన ‘సాంక్టమ్ ఆఫ్ డామినేషన్’ అనే ఆట భాగంలో అతని ఆత్మ గొలుసులతో బంధించబడి కనిపిస్తుంది. చేసినదానికి చింత లేదని అక్కడా తెగేసి చెప్పి, ఆ ఆత్మ పూర్తిగా నశించిపోతుంది.