ఒక లెక్కకి ఒకే నోరు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ట్రాలర్ వైరింగు ఒప్పుకున్నావని తెలిసింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజులూ బోటు ఒడ్డునే ఉంటుంది. కంగారు పడకు. ఎకో సౌండరు (శబ్దంతో లోతు కొలిచేది), జీపీఎస్, ఏఐఎస్ (చుట్టుపక్కల బోట్లు ఎక్కడున్నాయో రేడియోలో చెప్పేది), ఇంజను మీటర్లు అన్నీ ప్లాటర్లోనూ, అంటే మ్యాపు మీద బోటుని చూపే తెరలోనూ, ఓనరు ట్యాబులోనూ కనబడాలన్నారట. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక తెల్లకాగితం తీసుకో. లోతు చెప్పేదెవరు, వినేదెవరు. పొజిషన్ చెప్పేదెవరు, వినేదెవరు. ఇంజను వేడి, బ్యాటరీ వోల్టేజీ, అన్నింటికీ గీతలు గియ్యి. వినేవాళ్ళు ఎంతమందైనా ఉండొచ్చు. చెప్పే నోరు మాత్రం ఒక్కో లెక్కకి ఒక్కటే ఉండాలి. ఈ పనిలో వచ్చే తలనొప్పుల్లో సగం ఇది పాటించకపోవడం వల్లే.

బోటు పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష పేరు నీమా. పాత సామాను నీమా 0183 మాట్లాడుతుంది. రెండు తీగలు, ఏ, బీ. చెప్పేదాని ఏ వినేదాని ఏకి, బీ బీకి. తీగ రంగులు కంపెనీకో రకంగా ఉంటాయి, మాన్యువల్ చూడకుండా రంగుని నమ్మకు. చెప్పే పరికరం ఆర్ఎస్-232 రకమైతే (ఒక తీగ, గ్రౌండు మీద పంపేది) దాని పంపే తీగని వినేదాని ఏకి, గ్రౌండుని బీకి కలుపు. ఆర్ఎస్-422 రకమైతే (ఏ, బీ రెండింటి మీదా పంపేది) చెప్పేదాని బీని ఎప్పుడూ గ్రౌండుకి తగిలించకు, లోపలి డ్రైవరు చిప్పు పోతుంది. తెరమీద ఏమీ రాకపోతే ముందు ఏ, బీ మార్చి చూడు, ఆ తర్వాత స్పీడు చూడు. మామూలు పరికరాలు 4800 బాడ్, ఏఐఎస్ 38400. 4800 అంటే సెకనుకి 480 అక్షరాలు. ఒక వాక్యం, అంటే పరికరం ఒకసారి పంపే కబురు, 82 అక్షరాల దాకా ఉండొచ్చు, అంటే సెకనుకి నిండు వాక్యాలు అయిదారుకి మించి పట్టవు. ఆ దారిలోకి ఏఐఎస్‌ని దూర్చావా, హార్బర్ ముఖద్వారం దగ్గర ఇరవై ముప్పై బోట్లు కనబడగానే లైను పూడిపోయి లోతు ఆలస్యంగా వస్తుంది. ఏఐఎస్‌కి వేరే పోర్టు ఇవ్వు.

సౌండరు ఏం పలుకుతోందో ఒకసారి ల్యాప్‌టాప్‌లో చదువు. డాలర్ గుర్తు, ఎస్‌డీడీబీటీ, 59.1 చిన్న ఎఫ్, 18.0 ఎం, 9.8 పెద్ద ఎఫ్, చివర నక్షత్రం గుర్తు, రెండక్షరాల చెక్‌సమ్. చిన్న ఎఫ్ అడుగులు, ఎం మీటర్లు, పెద్ద ఎఫ్ ఫాథమ్, అంటే మన బార. సరంగు, అంటే బోటు నడిపే ఆయన, లోతు బారల్లోనే చెప్తాడు కాబట్టి ప్లాటర్లో కూడా బారలే పెట్టు, మీటర్లు నేర్చుకోమని ఆయన్ని ఇబ్బంది పెట్టకు. అందులో డీబీటీ చెప్పేది బోటు అడుగున శబ్దం పంపి వినే ట్రాన్స్‌డ్యూసర్ కింద నుంచి లోతు. నీటి మట్టం నుంచి కావాలంటే తేడా కలపాలి, ఆ కలపడం ఒక్కచోటే జరగాలి. ట్రాన్స్‌డ్యూసర్ నీటిలో మీటరున్నర కిందికి ఉందనుకో. అసలు లోతు 19.5. సౌండరులో 1.5 పెట్టి, మళ్ళీ ప్లాటర్లో 1.5 పెడితే 21 చూపిస్తుంది. మీటరున్నర నీళ్ళు లేనివి ఉన్నట్టు కనబడతాయి. ఇసుక మేట దగ్గర అది చాలు బోటు కూర్చోడానికి. పని అయ్యాక తాడుకి సీసం గుండు కట్టి వేసి కొలిచి సరిచూడు.

కొత్త సామాను నీమా 2000. వెన్నెముక లాంటి ఒక మెయిన్ కేబులు, దానికి టీలు (మూడు దారుల జాయింట్లు), ఒక్కో టీ నుంచి ఒక్కో పరికరానికి కొమ్మ. కొమ్మ 6 మీటర్లు దాటకూడదు, కొమ్మలన్నీ కలిపి 78 మీటర్లు దాటకూడదు. సన్న కేబులుతో వెన్నెముక 100 మీటర్ల దాకా వెళ్తుంది, మీ బోటుకి అందులో పావు వంతు చాలు. కొమ్మ చివర మరో కొమ్మ తగిలించడం సులువుగా కనబడుతుంది, ఆ పని చెయ్యకు. వెన్నెముక రెండు చివర్లా 120 ఓమ్‌ల టెర్మినేటర్లు, అంటే లైను చివర బిగించే రెసిస్టర్లు. పవరు తీసేసి మల్టీమీటర్‌తో తెల్ల తీగకీ నీలం తీగకీ మధ్య కొలువు. 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక టెర్మినేటర్ లేదు లేదా మధ్యలో ఎక్కడో తెగింది. 40 వస్తే ఎవరో మూడోది పెట్టారు. నాకు తెలిసి ఇంత తక్కువ ఖర్చులో ఇంత నిజం చెప్పే పరీక్ష బోటులో ఇంకోటి లేదు.

ఈ లైను 9 నుంచి 16 వోల్టుల మధ్యే పనిచెయ్యాలి. బోటు 24 వోల్టులదైతే నేరుగా ఇవ్వకు, ఐసోలేటెడ్ (రెండు వైపులకీ నేరుగా తీగ సంబంధం లేని) కన్వర్టర్‌తో 12కి దించి, ఒక్క టీ నుంచే, 3 ఆంపియర్ల ఫ్యూజుతో ఇవ్వు. ఒక్కో పరికరం మీద అది ఎంత కరెంటు లాగుతుందో చెప్పే ఎల్ఈఎన్ అంకె ఉంటుంది, ఒకటి అంటే 50 మిల్లీఆంపియర్లు. అన్నీ కూడు. 20 వస్తే ఒక ఆంపియర్. బోటు 12 వోల్టులదైతే లైనుని సెల్ఫ్ బ్యాటరీకి తగిలించకు. సెల్ఫ్ కొట్టగానే వోల్టేజీ జారి పరికరాలన్నీ ఒక్కసారి ఆరి వెలుగుతాయి.

పాత ఇంజన్లలో డేటా లైను ఉండదు కాబట్టి మీటరు లెక్కని నీమా 2000కి మార్చే కన్వర్టర్ పెట్టాలి. ఇంజను మీద కొలిచి మీటరుకి చెప్పే సెండర్లు రెండు రకాలు, 10 నుంచి 180 ఓమ్‌లది, 240 నుంచి 33 ఓమ్‌లది. రకం తప్పుగా ఎంచుకుంటే ముల్లు తిరగబడుతుంది. పాత మీటరు అలాగే ఉంచి పక్కన కన్వర్టర్ తగిలిస్తే, కన్వర్టర్ వోల్టేజీ మాత్రమే చదివే సెట్టింగులో ఉండాలి. రెండూ సెండరుకి కరెంటు పంపితే రెండూ అబద్ధమే చెప్తాయి. ఆర్పీఎం ఆల్టర్నేటర్ డబ్ల్యూ పిన్ను నుంచి వస్తుంది. ఆరు జతల పోళ్ళు, పుల్లీ నిష్పత్తి 2.5 అయితే ఇంజను 1500 తిరిగినప్పుడు 375 హెర్ట్జ్ రావాలి. చేతి టాకోమీటరుతో పోల్చి చూడకుండా వదలకు.

ట్యాబుకి పంపడానికి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద సిగ్నల్ కె సర్వర్ (బోటు లెక్కలు పంచే సాఫ్ట్‌వేర్) పెట్టు. నీమా 2000 లైనుని దానికి కలిపే గేట్‌వే ఐసోలేటెడ్ రకమే కొను. లోపల లెక్కలన్నీ ఎస్ఐ యూనిట్లలో ఉంటాయి. ఇంజను వేడి 353 కనబడితే అదిరిపోకు, కెల్విన్లలో 80 డిగ్రీలు అదే. 1500 ఆర్పీఎం సెకనుకి లెక్క కాబట్టి 25గా కనబడుతుంది. వైఫై మీద పాత వాక్యాలు కావాలంటే పోర్టు 10110. ఆ చిన్న కంప్యూటర్ మెమరీ కార్డు ఉన్నట్టుండి కరెంటు పోతే పాడవుతుంది, షట్‌డౌన్ బటన్ పెట్టు.

ఇక అసలు గొడవ ఇక్కడే పుడుతుంది. ప్లాటర్ పొజిషన్‌ని నీమా 2000 నుంచి విని, 0183 పోర్టులోంచి తిరిగి చెప్తుంది. నీ మల్టీప్లెక్సర్ (చాలా లైన్లని ఒకటిగా కలిపే పెట్టె) దాన్ని పట్టుకెళ్ళి మళ్ళీ గేట్‌వేకి ఇస్తుంది. అదే పొజిషన్ కొంచెం పాతబడి రెండోసారి లైనులోకి వస్తుంది, తెరమీద బోటు ముందుకీ వెనక్కీ గెంతుతుంది. జీపీఎస్ చెడిందని కొత్తది కొనేస్తారు, గెంతడం మాత్రం ఆగదు. ప్రతి గేట్‌వేలోనూ బయటికి పంపే జాబితా తెరిచి, నీ కాగితంలో గీత లేని వాక్యాలన్నీ ఆపెయ్. సిగ్నల్ కెలో సోర్స్ ప్రయారిటీ, అంటే ఏ నోటి మాట ముందు వినాలో, పెట్టు. ఏఐఎస్‌కి సొంత జీపీఎస్ ఉంటుంది, దాని జోలికి వెళ్ళకు. ప్రభుత్వం బిగించిన ట్రాన్స్‌పాండర్ పెట్టెలోంచి తీగ లాగే ఆలోచన అసలే వద్దు.

బోటు అడుగున నీళ్ళ అలారం మాత్రం ఈ లైను మీద ఆధారపడకూడదు. ఫ్లోట్ స్విచ్ నుంచి హారన్‌కి నేరుగా తీగ లాగు. ట్యాబులో చూపించడం అదనం.

జాయింట్లు టేపుతో చుట్టి వదిలేస్తే ఉప్పు గాలికి ఒక్క సీజను ఆగవు. తగరం పూత తీగ, లగ్గు, పైన జిగురున్న హీట్‌ష్రింక్. ట్రాన్స్‌డ్యూసర్ కేబులు పొడవెక్కువైతే చుట్టి కట్టు, కొయ్యకు. అన్నీ అయ్యాక ఇంజను నడుస్తుండగా వీహెచ్ఎఫ్ రేడియో నొక్కి మాట్లాడుతూ తెర చూడు. లెక్కలు వణికితే డేటా తీగలు యాంటెనా కేబులుకి ఆనుకుని ఉన్నట్టు.

ఆ కాగితాన్ని లామినేట్ చేయించి కేబిన్ తలుపు వెనక అంటించు. ఒక టీ, రెండు టెర్మినేటర్లు, నాలుగు ఫ్యూజులు డబ్బాలో పెట్టి సరంగు చేతికివ్వు. మూత మీద పెద్దగా 60 అని రాయి.

నీ మావయ్య