లోపం లైట్ మీటరుదా, బ్యాటరీదా?

ప్రశ్న: తాతగారి ఫిల్మ్ కెమెరా కోసం ఏడాది కిందట హైదరాబాద్‌లో పాత కెమెరాల షాపు నుంచి వెలుతురు కొలిచే గోసెన్ లూనాసిక్స్ 3 లైట్ మీటరు తెప్పించుకున్నాను. ‘వర్కింగ్, రీడింగ్ కరెక్ట్’ అని ప్రకటనలో ఉంది. దానితో నాయనమ్మ సహస్ర చంద్ర దర్శనం ఫొటోలు తీస్తే రెండు రోల్సూ చీకటిగా వచ్చాయి. నెల తిరక్కుండానే ఆమె పోయారు. షాపతను ఫోన్ ఎత్తడం లేదు. చీటింగ్ కేసు పెడితే దిగొస్తాడని ఫ్రెండ్ అంటున్నాడు. పెట్టనా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: మీటరులో ఏ బ్యాటరీ వేశారు? ఇంత ఉత్తరంలో ఆ ఒక్క మాటే లేదు. కేసు నిలిచేదీ, పోయేదీ దానిమీదే.

ఆ మీటరును 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్స్ రెండింటి కోసం తయారుచేశారు. అవి ఇప్పుడు రావడం లేదు. అదే సైజులో దొరికే 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే మీటరు ముల్లు ఉన్న వెలుతురు కంటే ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి కెమెరాలోకి తక్కువ వెలుతురు వదులుతాం, ఫొటో చీకటిగా వస్తుంది. మీ ఫిర్యాదూ అదే కదా! అవతలి లాయరు మొదట అడిగేది ఇదే. ఆల్కలైన్ షాపతనే వేసి ఇచ్చినా, అవే వేయమని చెప్పినా బలం మీ వైపు. మీరే కొని వేసుంటే చాలావరకు ఓడినట్టే. మళ్లీ రాని వేడుకకు ఒక్క రోల్ కూడా పరీక్షించకుండా వెళ్లడం మీ అజాగ్రత్త.

చీటింగ్ కేసు జోలికి పోకండి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద అమ్మేనాటికే మోసపు ఉద్దేశం ఉందని చూపాలి. ముల్లు తప్పు చూపడం దానికి రుజువు కాదు. డబ్బు వసూలుకు పోలీసుల్ని వాడుకున్నారన్న మాట మిగిలి, అసలు వేయాల్సిన వినియోగదారుల కేసు కూడా పలచబడుతుంది.

ముందు వినికిడి యంత్రాల 675 జింక్ సెల్స్ తెచ్చి, కదలకుండా ఓ రింగు పెట్టి వేయండి. వాటి వోల్టేజీ 1.4 దగ్గర ఉంటుంది. ఒకే గోడను మంచి మీటరుతోనూ దీనితోనూ రెండు మూడు వెలుతురుల్లో కొలిచి వీడియో తీయండి. రెండూ కలిస్తే కేసు లేదు, మీటరు హాయిగా వాడుకోండి. కలవకపోతే దాన్ని మెకానిక్‌తో విప్పించొద్దు. అవసరమైతే వినియోగదారుల కమిషనే ల్యాబ్ పరీక్షకు పంపిస్తుంది. విప్పిన వస్తువుతో ఏమీ తేలదు.

ఫోన్లో తిట్టుకున్నది సాక్ష్యం కాదు. ప్రకటన స్క్రీన్‌షాట్, చెల్లింపు వివరాలు, నెగెటివ్‌లు భద్రం చేసి, రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. స్క్రీన్‌షాట్‌కు, డిజిటల్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయడం మేలు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, హైదరాబాద్ తిరగక్కర్లేదు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. సొంత వాడకానికే కొన్నారు కాబట్టి మీరు వినియోగదారుడే. మీటరు ధర, ఫిల్మ్, ప్రాసెసింగ్ ఖర్చులు అడగండి. మనోవేదన కింద పెద్ద మొత్తం ఆశించకండి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, ఒక ఏడాది ఇప్పటికే పోయింది. ఫోన్లు చేస్తూ కూర్చుంటే అది ఆగదు.