ఎవరి గుమ్మం ఎక్కాలి?

బరంపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి పొద్దున్నే కాఫీ తాగుతూ, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. బడి మానేసి ఇన్నేళ్లయినా మాస్టారి చేతికి ఆ పెన్ను అలవాటు పోలేదు, ఏమీ అనుకోకు.

ముందు పేరు సంగతి. "పారాదీప్ పోర్టు అథారిటీ: రాబోయే సంవత్సరపు శాసన ప్రాధాన్యతలు" అని పెట్టావు. ప్రధానం నుంచి ప్రాధాన్యం వచ్చింది. దానికి మళ్లీ 'త' తగిలించడమంటే చొక్కా మీద చొక్కా తొడుక్కోవడమే. అందరూ అలాగే రాస్తున్నారు, నిజమే. నువ్వు రాయకు. అసలు ఇక్కడ ఆ మాటే అక్కర్లేదు. "వచ్చే ఏడు పారాదీప్ పోర్టు ఢిల్లీని ఏం అడగాలి?" అను చాలు. మా వీధి చివర కిరాణా కొట్టాయన కూడా ఆగి చదువుతాడు.

మనకి పర్లాకిమిడి ఎంతో దూరం లేదు. గిడుగు రామమూర్తి గారు అక్కడే పంతులుగా పనిచేస్తూ వాడుక భాష కోసం అంత పోరాటం చేశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. మన పెద్దలు ఇక్కడే ఉండిపోయారు. ఆయన వదిలేసిన ఊళ్ల పక్కన కూర్చుని మనం "శాసన ప్రాధాన్యతలు" అని రాస్తే బాగుండదు.

ఇంకో చిన్నమాట. రెండో పేజీలో "బందర కర్మచారులు" అన్నావు. ఒడియా మీడియంలో చదువుకున్నదానివి, ఆ మాట వచ్చేయడం సహజం. కానీ బందరు అనగానే తెలుగువాడికి లడ్డూ గుర్తొస్తుంది. రేవు అందామంటే చాకిరేవు కూడా రేవే. హాయిగా పోర్టు అనెయ్యి. గోపాల్‌పూర్‌లో వలలు అల్లేవాళ్లు కూడా పోర్టు అనే అంటారు.

ఇక అసలు విషయం. ఆరు డిమాండ్లు రాశావు. ప్రతి డిమాండు చివరా "దీనికి పార్లమెంటు చట్టం చెయ్యాలి" అని తేల్చేశావు. పెళ్లి సామాన్ల చిట్టా పట్టుకుని బజారుకెళ్లే మనిషి తమలపాకులు ఏ కొట్లో అడగాలో, పుస్తెలు ఏ కొట్లో అడగాలో తెలుసుకునే బయల్దేరుతాడు. నువ్వు చిట్టా అంతా పట్టుకెళ్లి కంసాలి కొట్లో ఇచ్చేశావు.

ఒక్కొక్కటే చూడు. డ్రెడ్జింగ్‌కి నిధులన్నావు. పారాదీప్ మనుషులు తవ్వుకున్న రేవు. సముద్రం ఇసుక తెచ్చి పోస్తూనే ఉంటుంది, వీళ్లు తోడుతూనే ఉండాలి, కాబట్టి ఖర్చు నిజమే. కానీ అది డబ్బు సంగతి. పోర్టు సొంత ఖాతాలోనో కేంద్ర బడ్జెట్‌లోనో తేలుతుంది. దానికి కొత్త చట్టం ఎందుకు? రైల్వే లైను అన్నావు. అది రైల్వే శాఖ గుమ్మం. పోర్టు భూముల లీజు అన్నావు. ఓడరేవుల శాఖ మార్గదర్శకాలు మారిస్తే చాలావరకు సరిపోతుంది. సరుకుల రేట్లు పోర్టే నిర్ణయించుకునేలా చట్టం కావాలన్నావు. ఇదైతే మరీ విచిత్రం. 2021లో వచ్చిన మేజర్ పోర్ట్ అథారిటీస్ చట్టం ఆ అధికారం పోర్టు బోర్డులకే ఇచ్చేసింది. అంతకుముందు టాంప్ అని వేరే సంస్థ రేట్లు ఖరారు చేసేది. పెళ్లయిపోయిన ఇంటికి పిల్లని చూడ్డానికి వెళ్లినట్టయింది.

అయిదోది పెన్షన్లు. దాన్ని నువ్వే తేల్చుకో. ఆరోదాని దగ్గర మాత్రం ఎర్ర పెన్ను ఆగిపోయింది. "పై సౌకర్యాలన్నీ గోపాల్‌పూర్ పోర్టుకూ వర్తింపజెయ్యాలి" అన్నావు. గోపాల్‌పూర్ మేజర్ పోర్టు కాదమ్మా. రాజ్యాంగం ఏడో షెడ్యూల్ తిరగెయ్యి. మేజర్ పోర్టులు కేంద్ర జాబితాలో 27వ అంశం, మిగతా పోర్టులు ఉమ్మడి జాబితాలో 31వ అంశం. పారాదీప్ 1966 నుంచి మేజర్ పోర్టు, దాని పెద్ద దిక్కు ఢిల్లీ. గోపాల్‌పూర్‌కి పెద్ద దిక్కు భువనేశ్వర్. పైగా అది ప్రైవేటు చేతుల్లో నడుస్తోంది. షాపూర్‌జీ పల్లోంజీ గ్రూపు నుంచి అదానీ పోర్ట్స్ 2024లో కొనుక్కుంది. ఆ రెండింటినీ ఒకే వాక్యంలో కట్టేస్తే చదివేవాడికి దేని మీదా నమ్మకం కలగదు.

ఈ ఆలోచన అమెరికాలోని సియాటిల్ పోర్టు నుంచి వచ్చిందని రాశావు. మంచి చోటునే పట్టుకున్నావు. 1911లో పెట్టిన ఆ పోర్టుకి అయిదుగురు కమిషనర్లు. వాళ్లని ఆ కౌంటీ జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. రాబోయే సభల్లో మేం ఫలానావి అడుగుతాం అని వాళ్లు జాబితా వేసి బయట పెడతారు. నువ్వు గమనించని సంగతి ఏమిటంటే, వాళ్ల జాబితా ఒకటి కాదు. ఒలింపియాలో రాష్ట్ర శాసనసభని అడిగేవి వేరు, దేశ రాజధాని వాషింగ్టన్‌లో కాంగ్రెస్‌ని, అంటే వాళ్ల పార్లమెంటుని అడిగేవి వేరు. ఏ గుమ్మం ఎక్కాలో తెలిశాకే కాగితం రాసుకుంటారు.

వాళ్లు ఏళ్ల తరబడి కాంగ్రెస్‌ని అడుగుతూ వచ్చిన విషయం ఒకటి చెప్తాను. దిగుమతి అయ్యే సరుకు విలువ మీద 0.125 శాతం హార్బర్ మెయింటెనెన్స్ పన్ను ఉంది. వెయ్యి డాలర్ల సరుకుకి డాలరుంపావు. రేవుల్లో మేట తియ్యడానికని 1986లో పెట్టారు. సియాటిల్‌కి పుట్టుకతోనే లోతు ఉంది, పెద్దగా తవ్వే పని లేదు. పన్ను ఇక్కడ వసూలైతే తవ్వకం ఇంకెక్కడో జరుగుతుంది. ఈ లెక్క మార్చమని వాళ్ల గోల. ఇది అచ్చంగా చట్టం తేల్చాల్సిన విషయం. పన్ను చట్టంలో ఉంది కాబట్టి చట్టసభే మార్చాలి, ఇంకెవరి వల్లా కాదు. చట్టం కావాలి అని రాసే ముందు నీ ప్రతి డిమాండుని ఈ పన్ను పక్కన పెట్టి చూసుకో.

మన దగ్గర పోర్టు వాళ్లు ఇలాంటి జాబితా వేసి గోడకి అంటించరు. మంత్రిత్వ శాఖకి ఫైలు వెళ్తుంది, అంతే. బయటివాళ్లకి దాని జాడ అక్కడక్కడా దొరుకుతుంది. పార్లమెంటు ప్రశ్నలకి మంత్రి రాతపూర్వకంగా ఇచ్చే జవాబుల్లో, రవాణా, పర్యాటకం, సంస్కృతి స్థాయీ సంఘం నివేదికల్లో, గజెట్‌లో. చదవడం కష్టమేమీ కాదు, విసుగు పుడుతుంది. అయినా చదువు.

నా తప్పొకటి చెప్తాను, నవ్వుకో. 2020 సెప్టెంబరు 23న మేజర్ పోర్టుల బిల్లు లోక్‌సభలో పాసైంది. ఆ వారమే నేను ఒక పత్రికకి వ్యాసం పంపాను. "పోర్టు ట్రస్టుల కాలం ముగిసింది, కొత్త చట్టం వచ్చింది" అని మొదలుపెట్టాను. అచ్చయింది. అయిన రోజు పారాదీప్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన ఫోన్ చేశాడు. "మాస్టారూ, రాజ్యసభని రద్దు చేశారా?" అన్నాడు. కిందామీదా పడి చూసుకుంటే ఆ బిల్లు మొదట 2016లోనే సభకి వచ్చింది. 2019లో లోక్‌సభ రద్దవడంతో మురిగిపోయింది. 2020 మార్చిలో మళ్లీ పెట్టారు. రాజ్యసభ ఆమోదించింది 2021 ఫిబ్రవరి 10న. అమల్లోకి వచ్చింది ఆ ఏడాది నవంబరు 3న. నేను చట్టం వచ్చిందని రాసేనాటికి 1963 నాటి పాత ట్రస్టుల చట్టం నిక్షేపంగా నడుస్తోంది. సవరణ వెయ్యమని పత్రిక వాళ్లకి ఉత్తరం రాశాను. వెయ్యలేదు. ఆ పెద్దాయన ఇప్పటికీ కనబడితే రాజ్యసభ కులాసాయేనా అని అడుగుతాడు.

అందుకని నువ్వు 'బిల్లు' అంటే బిల్లే అను. సభ దాటిందా, రెండో సభ దాటిందా, సంతకం అయిందా, అమలు తేదీ ప్రకటించారా, నియమాలు వచ్చాయా. ఇవన్నీ వేరు వేరు మెట్లు. నీ పాఠకుడు ఏ మెట్టు మీద నిలబడి ఉన్నాడో నువ్వు చెప్పాలి.

ఇప్పుడు నీ వ్యాసంలో లేని డిమాండు గురించి. 2021 చట్టంలో బోర్డు ఎవరితో కూడి ఉండాలో రాసి ఉంది. ఛైర్‌పర్సన్, డిప్యూటీ, రాష్ట్ర ప్రభుత్వం నుంచి ఒకరు, రైల్వే, రక్షణ, కస్టమ్స్ నుంచి ఒక్కొక్కరు, కేంద్రం నియమించేవారు, కొందరు స్వతంత్ర సభ్యులు, ఉద్యోగుల తరఫున ఇద్దరు. పదమూడు కుర్చీలు దాటవు. చేపల వేట చేసుకునేవాడికంటూ ఇందులో కుర్చీ లేదు. పారాదీప్‌లో ఓడల రేవు పక్కనే చేపల రేవు కూడా ఉంది కదా. ఆ కుర్చీ వెయ్యాలంటే బడ్జెట్ పనికిరాదు, మార్గదర్శకాలు పనికిరావు. చట్టాన్నే సవరించాలి. పెన్షన్లు పక్కన పెడితే, నీ మిగతా డిమాండ్లలో పార్లమెంటు గుమ్మం ఎక్కదగ్గది ఒక్కటీ సరిగ్గా కుదరలేదు. కుదిరేది నువ్వు రాయనేలేదు. పోర్టూ రాయదు, తన బోర్డులో ఇంకో కుర్చీ వెయ్యమని అది ఎందుకు అడుగుతుంది? వ్యాసాన్ని ఇక్కడి నుంచి మళ్లీ కట్టు. పోర్టు అడిగేవి ఒక పక్క, పోర్టు ఎప్పటికీ అడగనివి ఇంకో పక్క.

మీ తాతయ్య సంగతి కవరింగ్ లెటర్‌లో రాశావు, గోపాల్‌పూర్‌లో తెప్ప మీద వేటకెళ్లేవాడని. ఒడియా వాళ్లు మిమ్మల్ని నోలియాలంటారు, ఇంట్లో మాత్రం తెలుగే. ఆయన్ని తీసుకొచ్చి పారాదీప్ వ్యాసం మొదట్లో నిలబెట్టాలని నీకు అనిపిస్తుంది. వద్దు. ఈమధ్య ప్రతి వ్యాసమూ ఓ ముసలాయన సముద్రం వైపు చూస్తుండగా మొదలవుతోంది. పైగా ఆయన సముద్రం పారాదీప్ బోర్డు కిందికి రాదు.

ఆయనకి వేరే వ్యాసం రాయి. 2025 ఆగస్టులో 1908 నాటి పాత పోర్టుల చట్టం స్థానంలో కొత్తది చేశారు. నూట పదిహేడేళ్ల తర్వాత. మేజర్ కాని పోర్టుల తగాదాలు తీర్చడానికి ప్రతి తీర రాష్ట్రంలోనూ వివాద పరిష్కార కమిటీ ఉండాలని అందులో ఉంది. దాని మీద అప్పీలు హైకోర్టుకి. పోర్టుకీ, దాన్ని నడిపే కంపెనీకీ, వాడుకునేవాళ్లకీ, సేవలందించేవాళ్లకీ మధ్య వచ్చే తగువులు అక్కడికి వెళ్తాయి. మన తీరాన ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. సముద్రంలోకి రాతిగోడ కడితే దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన కోస్తుంది. మన గంజాం తీరాన పొడంపేటలో ఇళ్లు సముద్రంలో కలిసిపోయి జనం ఊరు మార్చుకున్నది నువ్వు ఎరుగుదువు. అక్కడ కోతకి కారణం ఏమిటన్నది నిపుణులు తేల్చాలి, నువ్వు తీర్పు ఇచ్చెయ్యకు. నువ్వు అడగాల్సింది వేరే. తెప్ప దించే చోటు పోయిన మనిషి ఆ కమిటీ గుమ్మం ఎక్కొచ్చా? ఆ చట్టం లెక్కలో అతను పోర్టుని 'వాడుకునేవాడు' అవుతాడా, కాడా?

చట్టం ప్రతి తెచ్చుకో. నిర్వచనాలున్న సెక్షన్ తియ్యి. దాన్ని నీ మాటల్లో తెలుగు చేసి, సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు మీ తాతయ్యకి చదివి వినిపించు. ఆయన ఏమన్నాడో అన్నట్టుగా రాసి నాకు పంపు. తిడితే తిట్టు కూడా తీసెయ్యకు.

ఆశీస్సులతో,
మాస్టారు