రొయ్యల గుంట గట్టు నుంచి టీవీ పాఠం దాకా

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. రొయ్యల సాగు చేస్తాను. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. పోయిన ఏడాది కాలేజీలో వాతావరణ మార్పుల మీద ఆరు నిమిషాల వీడియో చేసి చూపిస్తే అందరూ మెచ్చుకున్నారట. అప్పటి నుంచి ఇంజనీరింగ్ వద్దు, పిల్లలకు టీవీలో ఇలాంటి పాఠాలు చెప్పే కార్యక్రమాలు చేస్తానంటోంది. దీన్ని నమ్ముకుని బతకగలదా? వీడియో పంపుతున్నాను, చూసి చెప్పండి.

జవాబు: వీడియో రెండుసార్లు చూశానండీ. మొదటిసారి మీ అమ్మాయి చెప్పే తీరు కోసం, రెండోసారి తప్పుల కోసం. చెప్పే తీరు బాగుంది. అరుపులు లేవు, తొందర లేదు. తప్పు ఒక్కటే, కానీ పెద్దది. 2021 నవంబరు పెన్నా వరదల దృశ్యాలు టీవీ వార్తల్లోంచి తీసుకుంది. పడుగుపాడు దగ్గర దెబ్బతిన్న రైలుకట్ట, నీళ్లలో మునిగిన ఇళ్లు, వాటి వెనక ఏడుపు సంగీతం. చివర్లో ‘ఇదంతా భూతాపం వల్లే’ అని ముగించింది.

అంతా దానివల్లే కాదు. వాయుగుండం కుండపోతగా కురిసింది. ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం కట్ట తెగింది. సోమశిల నుంచి భారీగా నీళ్లు వదలాల్సి వచ్చింది. ఏటి ఒడ్డున ఇళ్లు కట్టుకున్న సంగతి మనకు తెలియంది కాదు. ఇక భూతాపం పాత్ర ఎక్కడంటే, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. కాబట్టి కురిసినప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కురిసే అవకాశం పెరుగుతుంది. ‘అవకాశం పెరుగుతుంది’ అన్న మాటను పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడమే ఈ పనిలో అసలు కష్టం. సంగీతంతో దాన్ని దాటేయడం తేలిక.

దీనికి తోడు మన భాషతో ఒక చిక్కుంది. రేపు వాన పడుతుందా అన్నదీ వాతావరణమే, ముప్పై ఏళ్ల సగటు లెక్కా వాతావరణమే. పాఠ్యపుస్తకంలో ‘శీతోష్ణస్థితి’ అనే మాట ఉన్నా టీవీలో అది వినిపించదు. అందుకే జనవరిలో నాలుగు రోజులు చలి ఎక్కువైతే ‘మరి భూమి వేడెక్కుతోందంటారేం?’ అని పిల్లలు అడుగుతారు. పిల్లలేమిటి, నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులూ అడుగుతారు.

ఇక మీ ప్రశ్న. ‘శీతోష్ణస్థితి కార్యక్రమాల నిర్మాత’ అని బోర్డు పెట్టి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఈ మాట మీ అమ్మాయికి ముందే చెప్పండి. పని మాత్రం కొత్తది కాదు. 1975-76లో ఒక ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపారు. అందులో మన రాష్ట్రమూ ఉంది, తెలుగు పాఠాలూ ఉన్నాయి. 1991లో పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయమంది, దూరదర్శన్, ఆకాశవాణి రోజూ కొన్ని నిమిషాలు ఆ విషయాలకు కేటాయించాలనీ చెప్పింది. సినిమా హాళ్లలో స్లైడ్లు వేయాలన్నది కూడా ఆ తీర్పులోదే. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం ఈ-విద్య కింద బడి పిల్లల కోసమే ప్రత్యేక ఛానళ్లున్నాయి. వాటికి పాఠాలు చేయించే పనిలో ఎన్‌సీఈఆర్టీకి చెందిన విద్యా సాంకేతిక సంస్థ సీఐఈటీ, రాష్ట్రాల విద్యాశాఖలు ఉన్నాయి. ఛానళ్లు వచ్చాయి గానీ, విషయం తెలిసి తెలుగులో తేటగా చెప్పగలిగినవాళ్లు తక్కువ.

అందుకే నా సలహా: కెమెరా తర్వాత, సైన్సు ముందు. ఎడిటింగ్ ఆరు నెలల్లో వస్తుంది, సముద్రం ఎందుకు వేడెక్కుతోందో ఆరు నెలల్లో రాదు. ఇంటర్ కాగానే మాస్ కమ్యూనికేషన్ డిగ్రీలో చేర్చకండి. నెల్లూరులోనే ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ చదవనివ్వండి. ఆ తర్వాత దారి రెండుగా చీలుతుంది. విషయం మీద మోజు పెరిగితే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మీటియరాలజీ, ఓషనోగ్రఫీ విభాగం ఉంది. అక్కడ పీజీ చేసినవాళ్లు వాతావరణ శాఖ వైపు, సముద్రం గురించి సమాచారం, హెచ్చరికలు ఇచ్చే హైదరాబాదులోని ఇన్‌కాయిస్ వైపు ప్రయత్నించవచ్చు. చెప్పడం మీదే మోజు నిలిస్తే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ పీజీ ఉంది. దానికి కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయాలి.

మూడో దారి కూడా ఉంది, నాకు ఎక్కువ నచ్చేది అదే. బీఎస్సీ, బీఈడీ కలిపి నాలుగేళ్లలో చదివించే కోర్సులున్నాయి. ప్రవేశ పరీక్ష పద్ధతి ఈమధ్య మారుతోంది కనుక దరఖాస్తుకు ముందు ఉపాధ్యాయ విద్యను పర్యవేక్షించే ఎన్‌సీటీఈ, పరీక్ష పెట్టే ఎన్‌టీఏ వెబ్‌సైట్లు చూసుకోండి. ఉపాధ్యాయురాలైతే జీతానికి లోటుండదు. పైగా టీవీ పాఠం తయారుచేసేవాళ్లకు తెలియని ఒక సంగతి బళ్లో రోజూ కనిపిస్తుంది: వీడియో వేసి కూర్చుంటే పిల్లలు చూస్తారు, నేర్చుకోరు. రెండో నిమిషంలో ఆపి, ‘ఈ మేఘం ఎటు తిరుగుతోంది?’ అని అడిగితే తరగతి లేచి కూర్చుంటుంది. మిచౌంగ్ తుపాను 2023 డిసెంబరులో మన తీరం పక్కనుంచే పైకి కదిలి బాపట్ల దగ్గర తీరం దాటింది కదా. ఆ ఉపగ్రహ చిత్రాల్ని గంటగంటకూ ఆపి చూపిస్తే ఒక పీరియడ్ సరిపోదు. అలాంటి చిత్రాలు తీసే ఇన్‌శాట్-3డీఎస్‌ను 2024 ఫిబ్రవరి 17న పంపింది మొన్నటిదాకా మన జిల్లాలోదే అయిన శ్రీహరికోట నుంచే. ఆ సాయంత్రం మీరు గట్టు మీద ఉండి ఉంటే పొగచార చూసే ఉంటారు.

డబ్బు సంగతి దాచను. ప్రైవేటు ఛానళ్లలో తొలి జీతాలు తక్కువ. దూరదర్శన్‌లో చాలా పనులు కాంట్రాక్టు మీదే నడుస్తున్నాయి. ఇంజనీరింగ్ చదివినవాళ్లందరికీ ఉద్యోగాలు తలుపు దగ్గర నిలబడి లేవు గనుక ఆ పోలిక కూడా మీరే వేసుకోండి. బీఎస్సీ చేతిలో ఉంటే మనసు మారినా దారి మూసుకుపోదు. నేను సైన్సు అంటున్నది సగం అందుకే.

ఒక్క విషయంలో మాత్రం మీమీద ఫిర్యాదు ఉంది. ఆరు నిమిషాల వీడియోలో మీరు ఎక్కడా లేరు. పెద్ద వాన పడితే గుంటలో ఉప్పదనం పడిపోతుందనీ, మబ్బు పట్టిన రాత్రి నీళ్లలో ఆక్సిజన్ తగ్గి రొయ్యలు పైకి తేలతాయనీ మీకు ఏ పుస్తకమూ చెప్పలేదు. వాన వేళలు, ఎండ తీవ్రత పదేళ్ల కిందట ఎలా ఉండేవో, ఇప్పుడెలా ఉన్నాయో మీ లెక్కల పుస్తకంలో ఎక్కడో రాసే ఉంటారు. టీవీ వాళ్ల దగ్గర లేని సరుకు అది. మీ జ్ఞాపకం ఒక్కటే సాక్ష్యం కాదు, దాన్ని వాతావరణ శాఖ వర్షపాతం లెక్కలతో సరిచూడడం మీ అమ్మాయి పని.

అక్టోబరు రాగానే ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి. రాత్రి నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు వేయడానికి గుంట దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోనుతో ఆమెను వెంట తీసుకెళ్లండి. ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో అడగనివ్వండి. ఆ వీడియో కూడా నాకు పంపండి. సంగీతం పెట్టొద్దని చెప్పండి, ఏరేటర్ల చప్పుడు చాలు.