బీట్‌రూట్ సెంటు కొనే ముందు

బిడ్డా,

బీట్‌రూట్ వాసన వచ్చే పర్ఫ్యూమ్ ఒకటి చూశాను, సీసా పన్నెండు వేలు, కొనాలా వద్దా అని మెసేజ్ పెట్టావు. మీ అమ్మైతే ఆ పైసలు బంగారం మీద పెట్టొచ్చు కదా అంటుంది. నేను అట్లా అనను గానీ, సీసా ఇప్పుడే కొనకు. ముందు రెండు మిల్లీలీటర్ల శాంపిల్ తెప్పించుకొని, మన ఎండలో ఒక రోజు, మబ్బు పట్టిన రోజు ఇంకోసారి పూసుకొని చూడు. ఇక్కడితో ఆపేయొచ్చు, కానీ కెమిస్ట్రీ చెప్పి రిటైరైన దాన్ని కదా, కారణాలు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

పచ్చి బీట్‌రూట్ కోసినప్పుడు వచ్చే మట్టి వాసన జియోస్మిన్ అనే పదార్థానిది. నేలలో ఉండే స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా కూడా దీన్నే తయారు చేస్తుంది, తొలకరికి నల్లరేగడి చేన్లలోంచి లేచే వాసనలో దీనికి పెద్ద వాటా ఉంది. 1965లో గెర్బర్, లెషెవలియే అనే ఇద్దరు దీన్ని వేరు చేసి పేరు పెట్టారు. మన ముక్కు దీన్ని ఎంత బాగా పసిగడుతుందంటే, నీళ్లలో లక్ష కోట్ల పాళ్లకు నాలుగైదు పాళ్లున్నా చాలామందికి తెలిసిపోతుంది. ఎండాకాలం నల్లా నీళ్లు ఒక్కోసారి బురద వాసన కొడతాయి చూడు, అదీ ఎక్కువసార్లు దీని పనే. చెరువు చేప బురద వాసన వస్తుందని నువ్వు పళ్లెం పక్కకు నెట్టేస్తావే, అక్కడా ఇదే. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగిపోతుంది, అందుకే చింతపండు పులుసులో ఆ వాసన అణుగుతుంది, బీట్‌రూట్ ముక్కల మీద నిమ్మకాయ పిండినా అంతే.

కాబట్టి మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఒక బీట్‌రూట్ కడిగి, తొక్క తీయకుండా కొంచెం తురిమి వాసన చూడు, తొక్కలోనే ఇది ఎక్కువ ఉంటుంది. హాయిగా అనిపిస్తే ముందుకు పో. బొచ్చె చేప గుర్తొచ్చి మొహం ముడుచుకుంటే శాంపిల్ కూడా వద్దు, అంతే.

ఇంకో సంగతి, ఆ సీసాలో బీట్‌రూట్ రసం ఉంటుందనుకోకు. మామూలుగా ఇలాంటి వాసనను వేరే సరుకులతో కూర్చి తయారు చేస్తారు. క్యారెట్ గింజల నూనె, వట్టివేరు, పచౌళి, ఐరిస్ దుంప, వీటికి తోడు ల్యాబులో తయారైన జియోస్మిన్ చుక్కలో చుక్క. ఐరిస్ దుంపలనైతే తవ్వి తీశాక ఏళ్ల తరబడి ఎండబెడితే గానీ అసలు వాసన రాదు, దాని ధర అందుకే ఆకాశంలో ఉంటుంది. అందుకని పేరులో బీట్‌రూట్ ఉంది గదా అని సంబరపడకుండా, సీసా పేరు కింద రాసిన వాసనల వరుస చదువు. వట్టివేరు ముందుంటే ఎండిన వేరులా పొడిగా ఉంటుంది, ఐరిస్ ఉంటే పౌడర్ పూసినట్టు, గులాబీ ఉంటే కొంచెం తియ్యగా.

ఇదేదో పిచ్చి ఫ్యాషన్ అని మీ అమ్మ అంటే నా తరఫున చెప్పు. డిమీటర్ అనే అమెరికా కంపెనీ 1996లోనే ఉత్త మట్టి వాసనతో సెంటు అమ్మింది, స్పెయిన్ వాళ్ల లోయెవే కంపెనీ ఇంట్లో వెలిగించుకునే కొవ్వొత్తులను బీట్‌రూట్ వాసనతో అమ్ముతుంది. వాళ్లకన్నా ఎంతో ముందు నుంచే మన దేశంలో కనౌజ్ వాళ్లు మిట్టీ అత్తరు తీస్తున్నారు. కాల్చిన మట్టి పెంకులను డేగ్ అనే రాగి పాత్రలో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి దింపుతారు. నువ్వు వరంగల్ వచ్చినప్పుడు మండిబజార్ వైపు అత్తరు దుకాణంలో అడిగి ఒక చుక్క చేతికి రాయించుకో. వందా నూటయాభైకి ఇస్తానంటే అందులో గంధం నూనె లేదని తెలుసుకో, కానీ రోజంతా మట్టి వాసనతో తిరగడం నీ వల్ల అవుతుందో లేదో తెలియడానికి అది చాలు.

శాంపిల్ వచ్చాక కాగితం ముక్క మీద చూసి తీర్పు చెప్పకు. స్నానం చేసి, మణికట్టు మీద ఒక్క స్ప్రే, అంతే. మొదటి పావుగంట ఆల్కహాల్, పైపై వాసనలే ఉంటాయి, దాన్ని లెక్కలోకి తీసుకోకు, మధ్యాహ్నం భోజనం అయ్యాక ఏం మిగిలిందో అదే నువ్వు కొనే సరుకు. వేడికి వాసన తొందరగా, గట్టిగా లేస్తుంది, యూరప్ చలిలో కూర్చొని కలిపిన సెంటు మన మే నెలలో కాజీపేట బస్సులో ఎట్లా ఉంటుందో వాళ్లకేం తెలుసు! కొంచెం సేపటికి నీ ముక్కు అలవాటు పడిపోయి వాసన పోయిందనిపిస్తుంది, అప్పుడు ఇంకో రెండు స్ప్రేలు కొట్టకు, పక్కన కూర్చున్నామెకు అది బాగానే తెలుస్తూ ఉంటుంది. మధ్యలో కాఫీ గింజలు వాసన చూడమంటారు షాపుల్లో, బయటికొచ్చి మంచి గాలి పీల్చడం కన్నా అది ఎక్కువ చేసేదేం లేదు. మిర్చి సీజన్లో ఎనుమాముల మార్కెట్ దాటొచ్చిన రోజైతే ఏ సెంటూ చూడకు, తుమ్ములే మిగులుతాయి.

పెళ్లిళ్లకు మాత్రం ఇది వద్దు. మల్లెపూలు, బిర్యానీ మధ్య మట్టి వాసన ఎవరికీ అర్థం కాదు, పట్టుచీర మీద పడితే మరక కూడా. ఇంటర్వ్యూకూ వద్దు. సెలవు రోజు నీ కోసం పూసుకో. సీసాను బీరువాలో చీకట్లో పెట్టు, బాత్రూంలోనో కారులోనో వదిలావో మన ఎండకు పాడవుతుంది. ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి కొరియర్ వాళ్లు తరచూ విమానంలో కాకుండా రోడ్డు మీద పంపుతారు, ఏప్రిల్, మే నెలల్లో ఆర్డర్ పెట్టకపోవడమే మంచిది.

రెండుసార్లు పూసుకున్నాక కూడా మనసు దాని మీదే ఉంటే, అప్పుడూ వంద మిల్లీలీటర్ల సీసా అక్కర్లేదు, పది మిల్లీలీటర్ల డికాంట్, అంటే పెద్ద సీసాలోంచి చిన్న సీసాలోకి పోసి అమ్మేది, తీసుకో. స్ప్రేకు సుమారు 0.1 మిల్లీలీటర్ లెక్కన వంద స్ప్రేలు వస్తాయి, రోజూ వాడేది కాదు కాబట్టి ఏడాది నడుస్తుంది. ఇక్కడికి తెస్తే మాత్రం మీ పెద్దబాపు ఉన్న గదిలో కొట్టకు, గోడలో ఎక్కడో పైపు లీకవుతోందని ప్లంబర్‌కు ఫోన్ చేస్తాడు.

మీ పెద్దమ్మ
హన్మకొండ