కాలిన మోటరు, చల్లారని గ్రూపు

ప్రశ్న: సార్, నాకు 31 ఏండ్లు. కళ్యాణదుర్గం పక్కన మోటర్ వైండింగ్ షాపు ఉంది, మా నాయన పెట్టింది, ఆయన పోయి రెండేండ్లయింది, ఇప్పుడు నేనే చూసుకుంటాండా. పొద్దున షట్టర్ ఎత్తినప్పటి నుంచి ఫోన్ చేతిలోనే ఉంటాది సార్. మూడు వాట్సాప్ గ్రూపులు, ఫేస్‌బుక్కు. ఉచిత కరెంటు ఎవరిచ్చినారు, హంద్రీ-నీవా కాలవ నీళ్ళు ఎవరు తెచ్చినారు, ఎవడు ఎంత తిన్నాడు, ఇదే గలాటా. గెలిచేది ఎప్పుడూ నేనే, నా దగ్గర అన్ని స్క్రీన్‌షాట్లూ ఉండాయి. మొన్న ఒక చీనీ (బత్తాయి) తోట రైతు బోరు మోటరు తెచ్చిపెట్టి పోయినాడు, రెండు రోజుల్లో ఇస్తానని చెప్పి ఐదు రోజులు చేసినా. ఇచ్చింది గూడా పది రోజులకే కాలిపోయి మళ్ళా వచ్చింది. ఆయప్ప ఏమీ అనలే, ఆటోలోంచి మోటరు దించి నా ముందర పెట్టి ఊరికే నిలబడినాడు. నేను ఆ టైంలో గ్రూపులో రైతుల కష్టాల గురించే టైపు చేస్తాండా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గ్రూపుల్లోంచి బయటికి రావాలని ఉంది, వస్తే అవతలోళ్ళు పారిపోయినాడంటారని గూడా ఉంది. ఏం చేయల్ల సార్?
(పేరు వద్దన్నారు, అనంతపురం జిల్లా)

జవాబు: నాయనా, ముందు ఆ మోటరు సంగతి చెప్పు. అది ఎందుకు కాలింది? నీ ఉత్తరంలో గ్రూపుల గొడవ గురించి ఇంత రాసినావు, మోటరు ఎట్లా కాలిందో ఒక్క ముక్క లేదు. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పిల్లోళ్ళకి చాలా ఏండ్లు చెప్పినోణ్ణి కాబట్టి నాకు మొదట అదే కనపడింది, ఏమీ అనుకోవద్దు.

కాలిన వైండింగు కూడా మాట్లాడుతుంది, వినేవాడుండాల. విప్పి చూసినప్పుడు స్టార్ కనెక్షన్ (మూడు ఫేజుల చివరలూ ఒక్కచోట కలిపింది) మోటరులో రెండు ఫేజుల కాయిల్స్ నల్లగా మాడిపోయి మూడోది కొత్తదాని మాదిరి ఉందంటే ఒక ఫేజు పోయినా మోటరు ఆడిందని అర్థం. అదే డెల్టా (ఒకదాని చివర ఇంకోదాని మొదటికి కలిపింది) అయితే ఒక ఫేజు మాత్రమే మాడుతుంది, రెండు బాగుంటాయి. అది నీ తప్పు కాదు, ఫ్యూజు తప్పో స్టార్టర్ తప్పో అయ్యింటుంది, ఆయప్పకి చెప్పి, ఒక ఫేజు పోతే మోటరుని ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టించాల. మూడు ఫేజులూ సమానంగా మాడినాయంటే ఓవర్‌లోడు, లేదంటే పంపు ఇసుకకి పట్టేసింది. ఎండాకాలం నీళ్ళు దిగిపోయి బోరు గాలి లాగుతాంటే అది ఇంకో కథ, బుష్షులు, బరువు మోసే థ్రస్టు బేరింగు చూస్తే తెలిసిపోతాది. ఒక్క చోట మాత్రమే చిల్లు పడినట్టు మాడిందంటే మాత్రం, అబ్బీ, అది నీ చేతిదే. వైరు దూర్చేటప్పుడు స్లాటు (కాయిలు కూర్చునే గాడి) అంచుకి గీసుకునింటుంది, నీ కన్ను ఆ నిమిషంలో యాడుందో నీకే తెలుసు.

ఇంకొకటి, పది రోజులకే తిరిగొచ్చిందంటే నాకు వైండింగు కంటే ముందు కేబుల్ జాయింటు మీద అనుమానం. వైండింగు బంగారం మాదిరి చేసి జాయింటు మీద టేపు నాలుగు చుట్లు చుట్టి పంపించేటోళ్ళని చానామందిని చూసినా, ఆ జాయింటు నీళ్ళలో మునిగి ఉండేదని మర్చిపోతారు. జాయింటు చేసినాక బకెట్ నీళ్ళలో ముంచిపెట్టి కరెంటు లీకు చూసే మెగ్గర్ తిప్పి చూసినావా? దించే ముందర మోటరు నిండా మంచినీళ్ళు పోసి, బుడగలు పోయేదాకా అటూ ఇటూ ఆడించి మూత బిగించమని ఆయప్పకి చెప్పినావా? ఇవన్నీ పది నిమిషాల పనులు. పది నిమిషాల్లో నువ్వు గ్రూపులో ఎన్ని మెసేజీలు పెడతావో లెక్క వేసుకో.

నేనేదో పెద్ద పతిత్తునని చెప్పడంలా. నేర్చుకునే వయసులో ఒక మేస్త్రి కింద ఉన్నప్పుడు 24 స్లాట్ల మోటరు ఒకటి నా చేత చుట్టించినాడు. రెండు పోల్ మోటరు, ఫేజుకి ఎనిమిది స్లాట్లు, అన్నీ లెక్క ప్రకారమే వేసినా అనుకున్నా. స్విచ్ వేస్తానే ఎనుము మాదిరి మూలిగింది. తిరగదు, తిరిగినా వేడెక్కిపోతాది. నేను కరెంటు తక్కువ వస్తాందన్నా, బేరింగ్ సరిలేదన్నా, స్టాంపింగ్ (లోపలి ఇనప రేకులు) పాతదన్నా, నోరు ఆపితే గదా! ఆయన బీడీ తాగుతా అంతా విని "మోటరుకి చెవులు ల్యావు" అన్నాడు, అంతే. మళ్ళా కనెక్షన్లు ఒక్కొక్కటి పట్టుకుని పోతే ఒక కాయిలు తలకిందులు కలిపినా. మార్చినాక ఎట్లా తిరిగిందంటే, 2800 చిల్లర ఆర్పీఎం మీద పోతాండే మోటరు మీద ఆయన గ్లాసులో టీ పెట్టినాడు, తొణకలే.

నీ గ్రూపులో ఈ పని జరగదు. అక్కడ నువ్వు తప్పు చెప్పినా మోటరు కాలదు, ఒప్పు చెప్పినా నీళ్ళు రావు. నీ పక్కనోళ్ళు లైకు కొడతారు, అవతలోళ్ళు తిడతారు, రేపు పొద్దున మళ్ళా మొదటి నుంచి. 2024 జూన్ 4న, కౌంటింగ్ రోజు, నేనూ నా బావమర్దీ ఫోన్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా పోట్లాడుకున్నాం. వాడు అనంతపురంలోనే రెండు వీధుల అవతల ఉంటాడు. మూడు నెలలు మాటల్లేవు. మా ఇద్దరి వల్ల ఏ నియోజకవర్గంలోనూ ఒక్క ఓటు అటూ ఇటూ కాలేదు, నాకు మాత్రం బీపీ మాత్ర ఒకటి ఎక్కువయింది.

హంద్రీ-నీవా అన్నావు కదా, నవ్వొచ్చింది. ఎవరు తెచ్చినారనే మాట పక్కన పెట్టు, ఆ కృష్ణ నీళ్ళు శ్రీశైలం వెనక మల్యాల కాడ్నుంచి మన మెట్టకి ఎట్లా ఎక్కుతాన్నాయి? మోటర్లే గదా లాగుతాండేది, ఒకచోట ఎత్తి కాలవలో పోసి, ముందుకు పోయినాక మళ్ళా ఎత్తి. ఆ పంప్‌హౌసుల్లో ఎవడో ఒకడు మీటరు చూసుకుంటా, బేరింగ్ వేడి చెయ్యి పెట్టి చూసుకుంటా కూర్చుని ఉంటాడు. ఉచిత కరెంటు 2004 నుంచి వస్తానే ఉంది, అయితే కాలిన మోటరులో ఉచిత కరెంటు పోతే ఏమొస్తాది? నువ్వు వాదించే రెండు విషయాలకీ చివర ఉండేది నీ పనే, నువ్వు దాన్ని వదిలేసి ఇటు తిరిగి కూర్చున్నావు.

ఇప్పుడు చేయాల్సింది చెప్తా. ఆ రైతు మోటరు ఊరికే చేసివ్వు, కూలి అడగొద్దు, వైరు డబ్బులు గూడా అడగొద్దు. ఎండాకాలంలో తోట ఎండిపోతే ఏండ్లు పెంచిన చీనీ చెట్టు పోతాది, ఆయప్ప మౌనంగా నిలబడినాడంటే అది. తర్వాత ఒక పెద్ద నోట్‌బుక్కు కొనుక్కో. మీ నాయన దగ్గర వైండింగ్ డేటా పుస్తకం తప్పకుండా ఉండింటుంది, పాత వైండింగు షాపుల్లో అది లేని చోటు లేదు, వెతుకు. ఏ మోటరుకి ఎన్ని టర్నులు, ఏ గేజీ వైరు, ఏ స్లాటు నుంచి ఏ స్లాటుకి, ఇవన్నీ ఆయన రాసుకునింటాడు. నువ్వు దానికి రెండు కాలమ్‌లు కలుపు: ఎట్లా కాలి వచ్చింది, నేను చేసినాక ఎన్ని రోజులకి తిరిగొచ్చింది. ఈ రెండోది రాసేటప్పుడు చెయ్యి వణుకుతాది, రాయి. ఆరు నెలలకి నీ షాపు తప్పులన్నీ ఆ పేజీలో నీకే కనిపిస్తాయి. ఇంకో మాట, పాత కాయిళ్ళు తీసేదానికి నిప్పు పెట్టి కాల్చే అలవాటు ఉంటే మానుకో, స్టాంపింగుల మధ్య ఉండే పూత కాలిపోయి ఆ మోటరు జన్మంతా వేడెక్కుతానే ఉంటాది.

ఫోన్ సంగతా? షాపులో ఖాళీ స్టార్టర్ డబ్బాలు ఉంటాయి గదా, ఒకదాంట్లో వేసి మూత పెట్టు, రింగు వినపడుతుందిలే. గ్రూపులోంచి చెప్పకుండా బయటికి రా. పారిపోయినాడంటారు, అననీ, రెండో రోజుకి ఇంకోణ్ణి పట్టుకుంటారు.

ప్రశ్న: మీరు పోయిన నెల గూడా సోషల్ మీడియా వద్దన్నారు. అందరూ పని నేర్చుకుంటా నోరు మూసుకుంటే రాజకీయ నాయకులకే గదా లాభం? నేను డిగ్రీ చదువుతున్నా, ప్రశ్నించడం తప్పా?
(ఒక విద్యార్థిని, కడప)

జవాబు: తప్పని ఎవరన్నారమ్మా! మంచి ప్రశ్న, గట్టిగా అడిగినావు. అయితే ప్రశ్నించేది గూడా ఒక పనే, దానికీ చెయ్యి తిరగాల. మీ వీధిలో నీళ్ళ ట్యాంకు ఎందుకు ఆగిపోయిందో ఫేస్‌బుక్కులో అడిగితే ఇరవై మంది తిట్టుకుంటారు, అదే సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇయ్యాల. అది రాయడం నేర్చుకో. ఒక దరఖాస్తులో ఒకటే విషయం, తేదీలు, పని పేరు, ఫలానా కాగితం నకలు కావాలని. "ఎందుకు చేయలేదు" అని రాస్తే ఏమీ రాదు, "ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, బిల్లుల నకళ్ళు ఇవ్వండి" అని రాయాల. మొదటిది తిరిగొస్తాది, పర్లేదు, రెండోది బాగా రాస్తావు. సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు, ఒకసారి పోయి లైన్లో నిలబడి చూడు, ముసలోళ్ళకి అర్జీ రాసిపెట్టు, రెండు వారాల్లో నీకు రెవెన్యూ భాష వచ్చేస్తాది.

కర్నూలు జిల్లాలో ఎమ్మిగనూరు ఉంది గదా, అక్కడ 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ళ సహకార సంఘం పెట్టినాడు, తర్వాత పద్మశ్రీ గూడా వచ్చింది ఆయనకి. సంఘమంటే నూలు ఇప్పించాల, గుడ్డ అమ్మించాల, లెక్క రాయాల, మగ్గం గురించి తెలియకుండా అవేవీ జరగవు. నన్నడిగితే అంతకంటే పెద్ద రాజకీయం లేదు.

ప్రశ్న: మా ఆయన రిటైరై ఏడాదయింది. పొద్దస్తమానం టీవీలో డిబేట్లు, ఫోన్‌లో డిబేట్లు, చివరికి నాతో డిబేట్లు. ఏదన్నా పని నేర్చుకోమంటే "ఈ వయసులో ఏందే" అంటారు. ఏం నేర్పించమంటారు?
(ఒక గృహిణి, కర్నూలు)

జవాబు: మీరేం నేర్పించవద్దమ్మా, నేర్పిస్తే దాని మీద గూడా డిబేట్ పెడతారు. ఇంట్లో పాడైన మిక్సీ ఉందా? ఆయన కూర్చునే చోట ఒక స్క్రూడ్రైవర్‌తో సహా పెట్టేసి మీరు మీ చెల్లెలింటికి పోయి సాయంత్రం రండి. చాలాసార్లు పోయేది కార్బన్ బ్రష్షులే, చవకైన వస్తువు, ఆయనే బజారుకి పోయి తెచ్చుకుంటారు. ప్లగ్గు మాత్రం పీకి పెట్టండి.